జీటాకు దూరంగా ఒక కొట్టు: ఈవ్ ఆన్‌లైన్‌లో ఒంటరి తయారీదారుకి గిట్టుబాటు లెక్క

బేగం బజార్‌లో కందిపప్పు ధర వేరు, కూకట్‌పల్లిలో కాలనీ చివరి కొట్టులో ధర వేరు. ఆ తేడా అందరికీ తెలిసిందే. అయినా పోపు వేయబోతూ ఆవాలు నిండుకున్నాయని చూసుకున్నవాళ్లెవరూ బండి తీసి బేగం బజార్ దాకా వెళ్లరు. పక్క కొట్టుకే వెళ్తారు, రెండు రూపాయలు ఎక్కువైనా ఇస్తారు. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష కంప్యూటర్ ఆటలో ఏ గుంపులోనూ లేకుండా ఒక్కరే సరుకు చేసి అమ్ముకునేవాళ్లు బతికేది ఈ సూత్రం మీదే. కానీ కొత్తవాళ్లలో చాలామంది తిన్నగా ఆ ఆటలోని పెద్ద బజారు జీటాకు వెళ్లి, అక్కడి టోకు వ్యాపారులతో ధర దగ్గర తలపడతారు. నెల తిరిగేసరికి చేతిలో అమ్ముడుపోని సరుకు మిగులుతుంది, ఈ ఆటలో ఒంటరివాళ్లకు చోటు లేదనే అభిప్రాయం మిగులుతుంది. చోటు ఉంది. అది జీటాలో లేదు, అంతే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మే నెలలో మొదలుపెట్టిన ఆట ఇది. ప్రపంచం మొత్తానికీ దాదాపు ఒకటే విశ్వం, దాని సర్వర్ లండన్‌లో ఉంది. నౌకలు, తుపాకులు, మందుగుండు, రిగ్గులు (నౌకకో కట్టడానికో బిగించే మెరుగుదల పరికరాలు) చాలావరకు ఆటగాళ్లు చేసినవే. పేలిపోయిన నౌక మళ్లీ రాదు, అందుకే గిరాకీకి అంతు లేదు. జీటా అనేది ఫోర్జ్ ప్రాంతంలోని ఒక నక్షత్ర వ్యవస్థ. అక్కడి కాల్దారి నేవీ స్టేషన్ ఈ విశ్వానికంతటికీ పెద్ద బజారు. తయారీ అనేది బటన్ నొక్కి వదిలేసే పని కాబట్టి లండన్ నుంచి మనకు నెట్ కాస్త ఆలస్యంగా అందినా ఇబ్బంది లేదు. యుద్ధాలు చేసేవాళ్లకు ఉండే బాధ మనకు ఉండదు.

పెద్దవాళ్లతో ధరలో ఎందుకు నెగ్గలేమో ముందు అర్థం చేసుకోవాలి. ఇంజనీరింగ్ కాంప్లెక్స్ అనే ఆటగాళ్ల ఫ్యాక్టరీలో ముడిసరుకు ఆదా చేసే రిగ్గు హైసెక్‌లో (పోలీసు కాపలా ఉన్న ప్రాంతంలో) 2 శాతం మిగిలిస్తే, అదే రిగ్గు నల్‌సెక్‌లో (కాపలా లేని, గుంపులు ఏలే ప్రాంతంలో) 2.1 రెట్లు పనిచేస్తుంది, అంటే 4.2 శాతం. ఒక్క పాత్రకు నైపుణ్యాలన్నీ నేర్పిస్తే ఒకేసారి 11 తయారీ పనులు నడుస్తాయి. పెద్ద గుంపు చేతిలో అలాంటి పాత్రలు పదులకొద్దీ ఉంటాయి. ఖనిజం వాళ్లదే, రవాణా వాళ్లదే. రెండు శాతం మార్జిన్ మీద కూడా వాళ్లకు గిడుతుంది. మనకు గిట్టదు.

ఇక లెక్కకు వద్దాం. ఒంటరి తయారీదారు మునిగేది ఎక్కువగా ఇక్కడే. "నేను తవ్వుకున్న ఖనిజమే కదా, ఖర్చేముంది" అనే మాట ఆటలో రోజూ వినిపిస్తుంది. ఇంట్లో పండిన వడ్లు కాబట్టి అన్నం ఉచితం అన్నట్టుంటుంది ఇది. ఆ ట్రైటానియం, పైరైట్ ఈరోజు అమ్మితే ఎంత వస్తుందో, దాని ఖరీదు అంతే. తయారైన సరుకు ధర ఆ ఖనిజం ధర కంటే తక్కువుంటే, మీరు రాత్రంతా కష్టపడి విలువ తగ్గించారని అర్థం.

ఒక ఉదాహరణ చూడండి. అంకెలు లెక్క సులువుగా సాగడానికి వేసినవి, మీ అంకెలు మీరు వేసుకోండి. (ఆటలో ఒక మిలియన్ అంటే మన పది లక్షలు.) ఒక విడత సరుకుకు ముడిసరుకు విలువ 1,00,00,000 ఇస్క్ (ఆటలోని డబ్బు). అమ్మకం ధర 1,15,00,000. చూడటానికి 15 శాతం లాభం. ఇప్పుడు ఖర్చులు తీయండి. తయారీ పని రుసుము 3,00,000. బ్రోకర్ రిలేషన్స్ నైపుణ్యం ఐదో స్థాయిలో ఉంటే, ఎన్‌పీసీ (ఆటగాళ్లది కాని, ఆటే నడిపే) స్టేషన్లో బ్రోకర్ రుసుము 1.5 శాతం, అంటే 1,72,500. అమ్మకపు పన్ను 4 శాతం అనుకుంటే 4,60,000. జీటాకు చేర్చడానికి 2,00,000. మిగిలింది 3,67,500. పదిహేను శాతం కాస్తా నాలుగు శాతం లోపుకు దిగింది.

అయినా లాభమే కదా అనుకునేలోపు అసలు దెబ్బ తగులుతుంది. 2020లో మార్కెట్ నియమాలు మారాయి. అంతకుముందు పక్కవాడి కంటే పైసా తగ్గించి వరసలో ముందుకొచ్చే పద్ధతి నడిచేది. ఇప్పుడు ధరలో మొదటి నాలుగు అంకెలే మార్చగలం. అంటే 11,52,000 ధర ఉన్న వస్తువుకు కనీసం వెయ్యి తగ్గించాలి. దానికి తోడు ధర మార్చిన ప్రతిసారీ రుసుము కట్టాలి. అడ్వాన్స్‌డ్ బ్రోకర్ రిలేషన్స్ నైపుణ్యం నేర్వకపోతే అది బ్రోకర్ రుసుములో సగం, మిగిలిన సరుకు మొత్తం విలువ మీద. పై ఉదాహరణలో ఒక్కో మార్పుకి సుమారు 86,000. నాలుగుసార్లు మారిస్తే 3,45,000. లాభమంతా ఊడ్చుకుపోయి ఇరవై వేల చిల్లర మిగులుతుంది. పైగా ధర తగ్గించినందువల్ల పోయింది ఇందులో కలపలేదు. జీటాలో గిరాకీ ఉన్న వస్తువుకు ఒక్క రాత్రిలోనే నాలుగుసార్లు మార్చాల్సి వస్తుంది. ఆ నైపుణ్యం స్థాయికి 6 శాతం చొప్పున రాయితీ పెంచి, ఐదో స్థాయిలో 80 శాతానికి చేరుస్తుంది. రోజూ ధరలు మార్చేవాళ్లు దాన్ని ముందు నేర్చుకోవాలి. ధర మార్చే అవసరమే రాని చోట అమ్మడం ఇంకా మేలు.

అదెక్కడ అంటే, నౌకలు పోగొట్టుకునేవాళ్లకు దగ్గరలో. ఫ్యాక్షన్ వార్‌ఫేర్ (ఆటలోని సామ్రాజ్యాల మధ్య యుద్ధం) సరిహద్దుల వెనక ఉన్న స్టేషన్లు, మిషన్లు ఇచ్చే ఏజెంట్లు ఉన్న వ్యవస్థలు, కొత్త ఆటగాళ్లు మొదలుపెట్టే చోట్లు. అమార్, డోడిక్సీ, రెన్స్, హెక్ కూడా బజార్లే, కానీ అవి మోండా మార్కెట్ లాంటివి. నేను చెప్పేది కాలనీ కొట్టు గురించి. పేలిన నౌకల వివరాలుంచే జీకిల్‌బోర్డ్ వెబ్‌సైట్లో ఒక ప్రాంతం పేరు కొట్టి గత నెలలో ఏ నౌకలు ఎక్కువ పేలాయో చూడండి, పేలిన నౌక మీద నొక్కితే అందులో అమర్చిన ప్రతి వస్తువూ కనిపిస్తుంది. గిరాకీ ఎక్కడుందో చెప్పడానికి దీన్ని మించిన సాక్ష్యం లేదు.

ఆ జాబితా పట్టుకుని ఆటలో మార్కెట్ చరిత్ర తెరవండి. గ్రాఫ్ చూసి ఆగిపోకండి, పట్టిక చూడండి. రోజుకు ఎన్ని వస్తువులు అమ్ముడయ్యాయో దానితోపాటు ఎన్ని లావాదేవీల్లో అమ్ముడయ్యాయో కూడా అందులో ఉంటుంది. వెయ్యి వస్తువులు రెండు లావాదేవీల్లో పోయాయంటే ఎవరో వ్యాపారి ఊడ్చుకుపోయాడు, రేపు వస్తాడన్న నమ్మకం లేదు. వెయ్యి వస్తువులు నాలుగు వందల లావాదేవీల్లో పోయాయంటే అక్కడ నిజమైన వాడకందారులున్నారు. మనకు కావలసింది రెండోది. రోజువారీ అమ్మకంలో పదో వంతుకు మించి మనకు దక్కుతుందని లెక్క వేసుకోవద్దు. ఒకవేళ దక్కితే మంచిదే.

ఇంకో కిటుకు, దీని విలువ చాలామంది గుర్తించలేదు. పోగొట్టుకున్న నౌకను తిరిగి కొనేవాడు ఫిట్టింగ్ (నౌకకు పరికరాలు అమర్చే) కిటికీలో ఉన్న "అన్నీ కొను" పద్ధతి వాడతాడు. పన్నెండు వస్తువుల్లో పదకొండు మీ స్టేషన్లో దొరికి, ఒక్క చిన్న రిగ్గు దొరక్కపోతే ఎలాగూ వెళ్లాలి కదా అని అతను మొత్తం జీటాలోనే కొంటాడు. కాబట్టి ఒకే వస్తువును రెండు వందలు పెట్టడం కంటే ఫ్రిగేట్ అనే ఒక చిన్న యుద్ధనౌకకు కావలసిన సమస్తం పాతిక జతలు పెట్టడం మేలు. వాటిలో సగం మీరు చేసినవి కాకపోయినా పర్వాలేదు, జీటాలో కొని తెచ్చిపెట్టండి. కొట్టువాడు అగ్గిపెట్టె తయారుచేయడు, అయినా పెడతాడు. ధర జీటాలో అమ్మకానికి పెట్టిన ధర మీద 10 నుంచి 20 శాతం ఎక్కువ పెట్టి, ఆర్డరు గడువు 90 రోజులు ఇచ్చి వదిలేయండి. ముప్పై శాతం దాటితే మాత్రం జనం విసుక్కుని రవాణా వాళ్లే చూసుకుంటారు, లేదా పక్కన ఇంకో కొట్టు పుడుతుంది.

ఆర్డర్ల సంఖ్య చూసుకోండి. మొదట్లో 5 మాత్రమే ఉంటాయి. ట్రేడ్ నైపుణ్యం స్థాయికి 4, రిటైల్ 8, హోల్‌సేల్ 16 చొప్పున పెంచుతాయి. కాలనీ కొట్టుకు ట్రేడ్, రిటైల్ నాలుగో స్థాయి దాకా ఉంటే చాలు: 5, 16, 32 కలిపి 53.

ఇప్పుడు తయారీ సంగతి. బ్లూప్రింట్ (వస్తువు తయారీకి కావలసిన నమూనా) అసలు ప్రతి కొనగానే దాని ముడిసరుకు పొదుపు స్థాయి సున్నా ఉంటుంది, పదికి తీసుకెళ్తే పది శాతం మిగులు. అందరూ పది దాకా పరిశోధన పెట్టి వారాలకొద్దీ కూర్చుంటారు. స్థాయి పెరిగేకొద్దీ కాలం రెండింతలకు పైగా పెరుగుతుంది. మొదటి తొమ్మిది స్థాయిలకు కలిపి పట్టేదాని కంటే ఆ పదో స్థాయి ఒక్కదానికే ఎక్కువ పడుతుంది. ఎనిమిదో స్థాయికి మొత్తం కాలంలో అయిదో వంతు కూడా పట్టదు. కాబట్టి ఎనిమిదికి తెచ్చి తయారీ మొదలుపెట్టండి. ఆ బ్లూప్రింట్ డబ్బు తెచ్చిపెట్టాక, గిరాకీ మందగించిన వారం చూసి తొమ్మిది, పది చేయించండి. పరిశోధనలో ఉన్నన్నాళ్లూ దానితో తయారీ కుదరదు, అది మర్చిపోవద్దు.

భిన్నాన్ని పై అంకెకు పెంచడం ఎలా జరుగుతుందో తెలియక కూడా నష్టపోతారు. ఆట ఈ లెక్కను ఒక్కో వస్తువుకు కాకుండా మొత్తం పనికి వేస్తుంది. ఇంధన దిమ్మలు తీసుకోండి, ఒక రన్‌కు (బ్లూప్రింట్‌ను ఒక్కసారి నడిపితే) 40 దిమ్మలు వస్తాయి. దానికి మెకానికల్ పార్ట్స్ 4 కావాలి. పది శాతం పొదుపుంటే 3.6 కావాలి కానీ, ఒక్క రన్ నడిపితే 4 తీసుకుంటుంది, పొదుపు సున్నా. పది రన్‌లు ఒకే పనిగా నడిపితే 40కి బదులు 36. అదే దిమ్మకు రోబోటిక్స్ 1 కావాలి. రన్‌కు కనీసం ఒకటి అనేది నియమం కాబట్టి పది రన్‌లకు పదీ తీసుకుంటుంది, ఎంత పొదుపున్నా తగ్గదు. ఖరీదైన భాగం ఒక్కటే అడిగే బ్లూప్రింట్లకు పది శాతం పొదుపు కాగితం మీదే ఉంటుంది. కొనేముందు జాబితాలో ఖరీదైనది ఎన్ని అడుగుతోందో చూడండి.

తయారీ పని రుసుము స్థలాన్నిబట్టి మారుతుంది. ఒక వ్యవస్థలో గత 28 రోజుల్లో ఎంత పని నడిచిందో దానిమీద సూచిక ఆధారపడుతుంది. జీటా పక్కన అందరూ గుమిగూడతారు కాబట్టి అక్కడ ఎక్కువ. నాలుగైదు జంప్‌లు పక్కకు జరిగి, జనం లేని చోట రైటారు (చిన్న ఇంజనీరింగ్ కాంప్లెక్స్) ఉంటే అక్కడ పని పెట్టండి. ఇంజనీరింగ్ కాంప్లెక్స్ ఏదైనా రిగ్గులు లేకపోయినా ఒక శాతం ముడిసరుకు ఆదా ఇస్తుంది, రుసుములోనూ కొంత తగ్గిస్తుంది. యజమాని పెట్టిన పన్ను ఎంతో చూసి మరీ పెట్టండి.

హైదరాబాద్ గడియారం మనకు కలిసొస్తుంది. సర్వర్ రోజూ మన సాయంత్రం 4:30కి కొద్దిసేపు ఆగుతుంది. యూరప్ వాళ్లు పనులు ముగించుకుని ఆటలోకి వచ్చేది మన రాత్రి 11:30 తర్వాత. అంటే మనం భోజనం చేసి 10:30కి కూర్చుని సరుకు నింపితే, రద్దీ మొదలయ్యేసరికి అల్మారాలు నిండుగా ఉంటాయి. రద్దీ నడుమ వాళ్లతో పాటు మేలుకుని ధరలు మార్చాల్సిన పని లేదు. పనుల నిడివిని కూడా దీనికే సరిపెట్టండి. ఒక రన్ 40 నిమిషాలైతే 33 రన్‌లు 22 గంటలు. రేపు ఒక గంట ముందు కూర్చున్నా పని అయిపోయి ఉంటుంది. 24 గంటలకు లెక్క వేస్తే రోజూ కొంచెం కొంచెం జరిగి వారానికల్లా అర్ధరాత్రి దాటుతుంది.

ఏ సరుకు చేయాలి అన్నదానికి నా మొగ్గు చిన్న, మధ్య తరహా రిగ్గుల మీద. తీసేస్తే విరిగిపోతాయి, నౌకతోపాటు పోతాయి, ముడిసరుకు మిషన్లు చేసేవాళ్లు ఏరుకొచ్చే సాల్వేజ్ (పేలిన నౌకల శిథిలాల సామాను). బరువూ తక్కువే. ఆ తర్వాత ఫ్రిగేట్లు, డిస్ట్రాయర్లు, మందుగుండు. బ్యాటిల్‌షిప్పులు, క్యాపిటల్స్ (అన్నిటికంటే పెద్ద నౌకలు) జోలికి పోవద్దు. 2021 ఏప్రిల్ మార్పుల తర్వాత వాటి తయారీ గొలుసు పొడవైంది, భాగాల భాగాలు కొనేసరికి పెట్టుబడి అంతా ఇరుక్కుపోతుంది. గ్రహాల పరిశ్రమ (గ్రహాల మీద ముడిసరుకు తవ్వి సరుకు చేయడం) ఓపిక ఉన్నవాళ్లకు మంచిదే. ఒక పాత్రకు ఆరు గ్రహాల దాకా నడపొచ్చు. తవ్వకం గడువు పొడిగించేకొద్దీ గంటకు వచ్చేది తగ్గుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

టెక్ 2 (మెరుగైన రకం) సరుకుకు వెళ్లేవాళ్లు ఇన్వెన్షన్ (దాని బ్లూప్రింట్ కాపీ కోసం చేసే ప్రయత్నం, తప్పొచ్చు కూడా) లెక్క సరిగ్గా వేయండి. మాడ్యూళ్లకు (నౌకలో అమర్చే పరికరాలకు) నెగ్గే మూల అవకాశం 34 శాతం. సంబంధిత మూడు నైపుణ్యాలూ నాలుగో స్థాయిలో ఉంటే 46.5 దాకా వస్తుంది. అంటే ఒక్క విజయానికి సగటున 2.15 ప్రయత్నాలు. ప్రయత్నానికి ఖర్చయ్యే డేటాకోర్లు, కాపీ, రుసుము కలిపి 4 లక్షలైతే, పది రన్‌ల కాపీ ఒక్కటి 8.6 లక్షలు పడుతుంది, వస్తువుకు 86,000. చాలామంది 40,000 వేసుకుని మోసపోతారు. వరసగా అయిదూ తప్పే అవకాశం వందకు నాలుగుకు పైనే ఉంది. ఆ అయిదూ తప్పినా తట్టుకునే డబ్బు చేతిలో ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

రవాణాలో ఒకటే హెచ్చరిక. హైసెక్‌లో కాంకర్డ్ అనే పోలీసు దళం దాడి చేసినవాణ్ని శిక్షిస్తుంది, మీ సరుకును కాపాడదు. ఉయెడామా లాంటి ఇరుకు దారుల్లో దీనికోసమే కాచుకుని ఉంటారు. ఆటోపైలట్ గేటుకు దూరంగా దింపి పాకిస్తుంది కాబట్టి సరుకుతో ఎప్పుడూ వాడొద్దు. విలువైనది రెండు మూడు విడతలుగా పంపండి. కొరియర్ కాంట్రాక్టు ఇస్తే పూచీ మొత్తం సరుకును తిరిగి కొనడానికి అయ్యే ఖర్చుకు తగ్గకుండా పెట్టండి.

ఇక గుంపులు నడిపేవాళ్లతో మాట్లాడాలి, ఎందుకంటే ఒంటరి తయారీదారుకి నిజంగా సాయం చేయగలిగింది వాళ్లే. కార్పొరేషన్లు, అంటే ఆటగాళ్ల గుంపులు, జీటాలో కొని తెచ్చుకోవడం అలవాటుగా పెట్టుకున్నాయి. పై ఉదాహరణనే తిప్పి చూడండి. 1,15,00,000 విలువైన సరుకును మీ స్టేషన్లోనే బై ఆర్డరు (కొంటామనే ఆర్డరు) పెట్టి జీటా ధరకే కొన్నారనుకోండి. బ్రోకర్ రుసుము ఆర్డరు పెట్టిన మీది, 1,72,500. జీటా నుంచి తెచ్చుకుంటే రవాణాకు 2,00,000 అయ్యేది, అంటే మీకు నష్టం లేదు. పక్కనే చేసి అమ్మినవాడికి పోయేది పన్ను 4,60,000, పని రుసుము 3,00,000 మాత్రమే. అతనికి 7,40,000 మిగులుతుంది, జీటాలో మిగిలేదానికి రెట్టింపు. ధర మార్చే ఖర్చు లేదు, ఎదురుచూపు లేదు.

బై ఆర్డరును ఎవరైనా నింపొచ్చు కాబట్టి పెద్దవాళ్లు వచ్చి ఒక్క రాత్రిలో ఊడ్చేస్తారు. అందుకని చిన్నవాళ్ల వాటా విడిగా ఉంచి, పేరు పెట్టి వస్తు మార్పిడి కాంట్రాక్టు చేయించుకోండి. వెయ్యి తెస్తేనే కొంటామనకుండా ఇరవై తెచ్చినా తీసుకోండి. తెచ్చిన మర్నాటికల్లా డబ్బు ఇవ్వండి, ఒంటరివాడికి తిరుగుడు పెట్టుబడే ప్రాణం. పది స్థాయి పొదుపున్న బ్లూప్రింట్ మీ దగ్గరుంటే కాపీలు తీసి ఇవ్వండి, అసలు ప్రతిలోని పొదుపు కాపీకీ వస్తుంది. అసలు ప్రతిని మాత్రం ఎంత నమ్మకస్తుడికైనా చేతికివ్వొద్దు, హ్యాంగర్ అధికారాలూ ఇవ్వొద్దు. మీ రైటారులో వాళ్లకు పన్ను తగ్గించడం మీ చేతిలో పని.

నెలకు ఏ వస్తువు ఎన్ని కావాలో జాబితా ముందే అందరికీ కనిపించేలా పెట్టండి. ఆ జాబితా చూసి ఒకరు ఇన్వెన్షన్ మొదలుపెట్టి, కాపీలు తీసి, తయారీకి వచ్చేసరికి రెండు మూడు వారాలు గడుస్తాయి. ఈలోపు ఎవరికో కొత్త ఆలోచన వచ్చి ఫిట్టింగ్‌లో క్షిపణులు తీసి తుపాకులు పెడితే, ఆ చిన్నవాడి గోదాములో రెండు వందల లాంచర్లు పడి ఉంటాయి, అతను మళ్లీ మీకోసం ఏదీ చేయడు. ఫిట్టింగ్ మార్చాలనుకున్న రోజు పాత జాబితా ప్రకారం తయారీలో ఉన్నది ఎంతో అడిగి తెలుసుకుని, అదంతా ఒప్పుకున్న ధరకే కొని, కొత్త జాబితా ఆ తర్వాత పెట్టండి.